చలికాలం బ్యాచ్‌కి నూనె పెంచి పరదాలు బిగించకండి

విజయవాడ చుట్టుపక్కల బ్రాయిలర్ షెడ్లలో మూడు, నాలుగు వారాలు దాటిన కోళ్లు పొట్ట ఉబ్బి చచ్చిపోతున్నాయని మళ్లీ వింటున్నాం. పోయేవి బక్క కోళ్లు కావు, అందరికన్నా ముందు బరువెక్కిన పుంజులు. కోస్తే పొట్టలో ఎండుగడ్డి రంగు నీరు, గుండె కుడివైపు సాగి మెత్తబడి ఉంటుంది. ఇది అంటురోగం కాదు, యాంటీబయాటిక్‌తో తగ్గదు.

టీకాలు, బ్రూడింగ్ (చిన్న పిల్లలకి వెచ్చదనం ఇవ్వడం) సంగతి మీకు తెలిసిందే. కొంప ముంచేది వేరే ఉంది. చలికి తట్టుకుంటాయని మేతలో నూనె పెంచుతారు, ఆ రాత్రే షెడ్డు పక్కల పరదాలు సందు లేకుండా బిగిస్తారు. వంద కిలోల మేతలో కిలో మొక్కజొన్న తీసి కిలో నూనె కలిపితే, ప్రతి కిలో మేతలో 50 కిలో కేలరీలకు పైగా పెరుగుతాయి. కోడి గబగబా ఎదుగుతుంది, గుండె, ఊపిరితిత్తులు ఆ వేగాన్ని అందుకోలేవు. అంతే శక్తికి పిండిపదార్థం కన్నా కొవ్వుకి ఆక్సిజన్ కాస్త ఎక్కువే కావాలి. మూసిన షెడ్డులో ఉన్నది రెట్టల నుంచి వచ్చే ఘాటు వాయువు అమ్మోనియా. ఆక్సిజన్ చాలక రక్తం చిక్కబడుతుంది, చిక్కటి రక్తాన్ని తోసి తోసి గుండె కుడి గది ఓడిపోతుంది, కాలేయం నుంచి నీరు పొట్టలోకి ఊరుతుంది.

అందుకే నూనె పెంచితే పరదా మూయొద్దు. పరదా మూయక తప్పని చలైతే నూనె పెంచొద్దు. ఎంత చలైనా పరదా పైన అడుగు సందు ఉండాలి.

మొదటి వారం పిల్లలకి పామాయిల్, పశువుల కొవ్వు వద్దు. పైత్యరసం చాలక అరగవు. సోయా నూనె కొద్దిగా చాలు.

హోటల్ కళాయిలో కాగిన నూనె వాడొద్దు. ఎంత చవకైనా వాడొద్దు.

కనరు వాసన వస్తే డ్రమ్ము పక్కన పెట్టేయండి. పాడైన నూనె మేతలోని విటమిన్ ఇ ని తినేస్తుంది.

మిల్లు నుంచి తెచ్చిన పచ్చి తౌడు నిల్వ పెట్టొద్దు, రోజుల్లోనే కనరెక్కుతుంది.

ప్రొటీన్ పెంచకుండా నూనె ఒక్కటే పెంచితే కండ రాదు, పొట్టకొవ్వే పేరుకుంటుంది.

రెండో వారం నుంచి రాత్రి నాలుగు గంటలు లైట్లు ఆపండి.

బోరు నీళ్లు ఉప్పగా ఉంటే మేతలో ఉప్పు లెక్క మార్చండి. ఉప్పు కూడా పొట్టలో నీరు పెంచుతుంది.

అమ్మకానికి పది రోజులే ఉంది, బరువు రావాలని ఎవరన్నా సరే, నూనె పెంచి పరదా మూయొద్దు.

తురాయి నీలంగా మారిందా, ఆ రోజే నూనె తగ్గించండి, పరదా కిందికి దించి గాలి రానివ్వండి. చచ్చిన కోడిని ఐసు పెట్టెలో గన్నవరం పశువైద్య కళాశాలకు పోస్టుమార్టానికి తీసుకెళ్లండి. గడ్డకట్టనివ్వొద్దు.