చేపలు, క్రాఫిష్‌లు, కప్పలు: పట్టడం, శుభ్రం చేయడం, వండడం ఎలా?

చేప కూర సరిగ్గా కుదరకపోతే చాలామంది మసాలాని అనుమానిస్తారు. నేను ముందు అడిగేది ఒకటే: నీళ్ళలోంచి తీశాక మొదటి అరగంట ఆ చేప ఎక్కడుంది? ఒకసారి తెల్లవారుజామున పట్టిన మంచి చేపల్ని సగం నీళ్ళున్న బకెట్‌లో వేసి, ఎండలో రెండు గంటలు వదిలేశాను. ఇంటికొచ్చేసరికి కడుపులు మెత్తబడి ఉన్నాయి, కండ ఎముకని వదిలేస్తోంది. నీచు వాసన ఎంత కడిగినా పోలేదు. ఆ రోజు పారేసిన చేపల్ని నేను మర్చిపోలేదు. అందుకే ఈ వ్యాసంలో వంట కంటే ముందు జరిగే పనుల గురించే ఎక్కువ చెబుతాను.

ముందు నీళ్ళని చూడండి

గాలం తీసే ముందు ఒడ్డున కాసేపు నిలబడండి. నీటి మీద ఆకుపచ్చ పెయింట్ ఒలికినట్టు తెట్టు కట్టి ఉంటే అక్కడ ఏమీ పట్టకండి. అది సయనోబ్యాక్టీరియా (నాచులా కనిపించే నీలి ఆకుపచ్చ సూక్ష్మజీవులు) కావచ్చు. వాటిలో కొన్ని రకాలు తయారుచేసే విషం చేప కాలేయంలో, పేగుల్లో చేరుతుంది, ఉడికించినా పోదు. ఫ్యాక్టరీ నీళ్ళు, మురుగు కాలువ కలిసే చోటు, పురుగుమందు కొట్టిన పొలం నీళ్ళు దిగే గుంట కూడా వద్దు.

పాదరసం సంగతి వేరు. చిన్న చేపల్ని తిని పెరిగే పెద్ద వేట చేపల్లో, ముఖ్యంగా వయసు మీరిన వాటిలో అది ఎక్కువగా ఉంటుంది. కండలోనే కలిసిపోతుంది కాబట్టి తోలు తీసినా, కొవ్వు కోసేసినా తగ్గదు. గర్భిణులకి, పిల్లలకి వండుతుంటే చిన్న సైజు చేపలే ఎంచుకోండి.

ఆ నీళ్ళలో వేటకి అనుమతి ఉందా, లైసెన్సు కావాలా, గుడ్లు పెట్టే కాలంలో నిషేధం ఉందా, ఎంత పొడవు లోపు చేపని వదిలేయాలి, ఇవన్నీ అక్కడి మత్స్యశాఖని అడిగి తెలుసుకోండి. కరెంటు పెట్టడం, మందు కలపడం, పేలుళ్ళు జరపడం నేరం. పిల్ల చేపలతో సహా ఆ నీళ్ళని చంపేసే పని అది.

గాలం వేయడం

తెల్లవారేటప్పుడు, పొద్దు వాలేటప్పుడు చేప మేతకి ఒడ్డు దగ్గరికి వస్తుంది. మిట్టమధ్యాహ్నం అయితే చెట్టు నీడ, నాచు అంచు, మునిగిన మొద్దు పక్కన వెతకండి. పారే నీళ్ళలో ప్రవాహం మధ్యలో కాకుండా, వేగంగా పోయే నీరు నెమ్మది నీటిని కలిసే గీత మీద ఎర వేయండి. చేప కష్టపడకుండా నిలబడి, కొట్టుకొచ్చే మేతని అందుకునే చోటు అదే.

కొత్తవాళ్ళకి వానపాము, బెండు, చిన్న గాలం ముల్లు, ఒక సీసపు గుండు చాలు. ముల్లు పెద్దదైతే చేప ఎర కొరికి పోతుంది. బెండు వణికినప్పుడే లాగకండి. అది పక్కకి కదిలినప్పుడో, మునిగినప్పుడో మణికట్టుతో చిన్నగా ఎత్తండి. చిన్న చేప పడితే చేతులు తడుపుకున్నాకే పట్టుకోండి. పొడి చేత్తో పట్టుకుంటే ఒంటి మీది జిగురు ఊడిపోయి, వదిలేసిన చేపకి తర్వాత జబ్బు చేస్తుంది. తెగిన దారాన్ని ఒడ్డున వదలకండి, పక్షుల కాళ్ళకి చుట్టుకుంటుంది.

మొదటి అరగంట

తినడానికి ఉంచుకునే చేపని కొట్టుకుంటూ చావనివ్వకండి. అది చేపకి హింస, పైగా కండ కూడా పాడవుతుంది. గిలగిలా కొట్టుకునే కొద్దీ ఒంట్లో శక్తి ఖర్చయిపోయి ఆమ్లం పేరుకుంటుంది, చేప త్వరగా బిగుసుకుపోతుంది. బరువైన చిన్న కర్రతో కళ్ళకి కాస్త వెనక, తల పైభాగంలో ఒక్క గట్టి దెబ్బ వేయండి. వెంటనే రెండు వైపులా మొప్పల కింద కత్తితో కోసి, తల కిందికి ఉండేలా శుభ్రమైన నీళ్ళలో కొన్ని నిమిషాలు ఉంచండి. రక్తం కారిపోతుంది. కండ తెల్లగా, నీచు తక్కువగా రావడానికి ఇంతకంటే మంచి ఉపాయం నాకు తెలియదు.

తర్వాత ఐస్. రెండు కిలోల చేపకి కనీసం కిలో ఐస్, ఎండ మండిపోతుంటే సమానంగా. అడుగున ఒక పొర, చేప, పైన మళ్ళీ ఐస్. పెట్టె అడుగున రంధ్రం ఉండి కరిగిన నీళ్ళు బయటికి పోవాలి, ఆ నీళ్ళలో నానితే చేప చప్పబడిపోతుంది. ఐస్ లేకుండా వెళ్ళాల్సి వస్తే, చేపని అక్కడే కోసి, కడుపు శుభ్రం చేసి, తడి గోనెగుడ్డలో చుట్టి నీడలో, గాలి తగిలేలా పెట్టి త్వరగా ఇంటికి చేరండి.

కోయడం, కడగడం

చేప ఒంటిని ముందు తడపండి, పొలుసులు ఎగరవు. తోక గట్టిగా పట్టుకుని, తోక వైపు నుంచి తల వైపు కత్తి వెనక అంచుతోనో, చెంచాతోనో గీకండి. రెక్కల మొదళ్ళ దగ్గర, పొట్ట కింద పొలుసులు మిగిలిపోతాయి. కంటితో చూస్తే కనిపించవు, వేలితో ఎదురు తడిమితే తెలుస్తాయి.

జెల్ల లాంటి పొలుసు లేని చేపకి గీకడం ఉండదు కానీ జిగురు ఉంటుంది. రాళ్ళ ఉప్పు చల్లి, గరుకు గుడ్డతో రుద్ది కడగండి. రెండు మూడు సార్లకి చెయ్యి జారడం ఆగుతుంది. వీటి వీపు మీద ఒకటి, మొప్పల వెనక రెండు గట్టి ముళ్ళు ఉంటాయి. గుచ్చుకుంటే చాలాసేపు సలుపుతుంది. చేప చచ్చిపోయిందనుకున్నాక కూడా జాగ్రత్తగా ఉండండి. ముందు ఆ ముళ్ళని కటింగ్ ప్లయర్‌తో విరిచేసి పని మొదలుపెట్టండి.

ఇప్పుడు పొట్ట. మలద్వారం దగ్గర కత్తి మొన పెట్టి, అంచు పైకి ఉండేలా, మొప్పల దాకా లోతు తక్కువగా చీల్చండి. తొందరపడి లోపలికి గుచ్చితే చేదుకట్టు పగులుతుంది. అది కాలేయానికి అంటుకుని ఉండే చిన్న ఆకుపచ్చ తిత్తి. అందులోని పసరు కండకి తగిలితే ఆ ముక్క చేదైపోతుంది. పగిలితే కంగారు పడకండి, ధారగా నీళ్ళు పోసి వెంటనే కడిగి, ఆకుపచ్చ రంగు పట్టిన చోట పలుచగా కోసేయండి.

పేగులన్నీ గొంతు దగ్గర పట్టుకుని ఒకే లాగులో తీయవచ్చు. మొప్పల్ని కూడా తీసేయాలి. తల వండేవాళ్ళు చాలామంది వాటిని వదిలేస్తారు, నీచు వాసనలో పెద్ద భాగం అక్కడినుంచే వస్తుంది. వెన్నెముక కింద పొడుగునా ఒక పల్చని పొర, దాని లోపల నల్లటి రక్తపు గీత కనిపిస్తాయి. అది చేప మూత్రపిండం. పొరని కత్తితో చీల్చి, బొటనవేలి గోరుతో గీకి కడిగేయండి. ఒక్క నిమిషం పని, కానీ తేడా నోటికి స్పష్టంగా తెలుస్తుంది.

బురద వాసన

నిలవ నీళ్ళ చేపకి ఉండే మట్టి వాసన నిజానికి మట్టిది కాదు. నీళ్ళలో, బురదలో ఉండే కొన్ని సూక్ష్మజీవులు జియోస్మిన్ అనే పదార్థాన్ని విడుదల చేస్తాయి. వాన పడ్డప్పుడు నేల నుంచి వచ్చే వాసన కూడా దానిదే. చేప దాన్ని మొప్పల ద్వారా పీల్చుకుంటుంది, కొవ్వులో దాచుకుంటుంది. కాబట్టి పైపైన ఎంత కడిగినా ఫలితం తక్కువే. తోలు తీసేయండి. పక్క భాగంలో పొడుగునా ఉండే ముదురు ఎరుపు కండని, పొట్ట దగ్గరి కొవ్వుని కోసేయండి. మిగిలిన ముక్కలకి నిమ్మరసమో వెనిగరో పట్టించి పదిహేను నిమిషాలు ఉంచండి. ఆమ్లం జియోస్మిన్‌ని మార్చేస్తుంది. చెరువు చేపకి పులుపు అంత బాగా నప్పడానికి ఇదీ ఒక కారణం.

ఒక హెచ్చరిక: పులుపు పరాన్నజీవుల్ని చంపదు. మంచినీటి చేపలో కాలేయపు పురుగుల పిల్లలు, బద్దెపురుగుల పిల్లలు ఉండొచ్చు. నిమ్మరసంలో ఊరబెట్టి పచ్చిగా తినడం, సగం కాల్చి తినడం వద్దు. పచ్చి చేప కోసిన కత్తి, పలకల్ని సబ్బుతో కడిగాకే కూరగాయలకి వాడండి.

సన్న ముళ్ళు, వంట

బొచ్చె, రోహు లాంటి కార్ప్ జాతి చేపల్లో కండ మధ్య వై ఆకారంలో సన్న ముళ్ళుంటాయి. పిల్లలు ఈ చేపలకి భయపడేది వాటివల్లే. ముక్కని తోలు కిందికి పెట్టి, పదునైన కత్తితో మూడు మిల్లీమీటర్లకి ఒకటి చొప్పున అడ్డంగా గాట్లు పెట్టండి. తోలు దాకా దిగాలి, తోలు తెగకూడదు. ముళ్ళు చిన్న తునకలవుతాయి, మరిగే నూనె ఆ గాట్లలోకి వెళ్ళి వాటిని కరకరలాడేలా చేస్తుంది. ఓపికగా చేస్తే ముళ్ళు తెలియవు.

వేయించే ముందు ముక్కల్ని గుడ్డతో ఒత్తి తడి పూర్తిగా తీసేయండి. చేప పెనానికి అంటుకుందంటే సాధారణంగా ముక్క తడిగా ఉండి ఉంటుంది, లేదా నూనె కాగి ఉండదు. ఒక వైపు రంగు వచ్చి, దానంతట అదే పెనాన్ని వదిలే దాకా తిప్పకండి. పులుసులో వేస్తే గరిటె పెట్టకండి, గిన్నెనే పట్టుకుని తిప్పండి. ముక్క మధ్యలో 63 డిగ్రీల సెల్సియస్ వేడి చేరితే చేప ఉడికినట్టు. థర్మామీటర్ లేకపోతే బాగా మందంగా ఉన్న చోట ఫోర్క్ గుచ్చి తిప్పండి. కండ గాజులా కాకుండా తెల్లగా కనిపించి పొరలుగా విడిపోవాలి.

క్రాఫిష్: కుండ దాకా ప్రాణంతో

ముందు పీతకి ఉన్నట్టు పెద్ద గోళ్ళు, వెనక రొయ్య తోక ఉండే ఈ మంచినీటి జీవి విషయంలో పద్ధతి తలకిందులు. చేపని వెంటనే చంపాలి, క్రాఫిష్‌ని మాత్రం వండే క్షణం దాకా బతికించాలి. చచ్చిన క్రాఫిష్ చాలా వేగంగా కుళ్ళుతుంది. వండే ముందే చచ్చినవాటిని ఏరి పారేయండి.

రాళ్ళ కింద, ఒడ్డు బొరియల్లో ఇవి పగలు దాక్కుని రాత్రి తిరుగుతాయి. గరాటు నోరున్న వైరు బుట్టలో చేప తల కట్టి, సాయంత్రం ముంచి, పొద్దున్నే తీయండి. వేరే జీవులు చిక్కి చచ్చిపోకుండా ఎక్కువసేపు వదలకండి. పట్టినవాటిని నీళ్ళ బకెట్‌లో ముంచి ఉంచితే ఆక్సిజన్ అయిపోయి చచ్చిపోతాయి. తడి గోనె సంచిలో, చల్లటి చోట ఉంచితే మొప్పలు తడిగా ఉన్నంతసేపూ బతుకుతాయి.

ఉప్పు వేస్తే కడుపులోని బురద కక్కేస్తాయని చాలామంది చెబుతారు. ఉప్పునీళ్ళు పైన ఉన్న మురికిని కడుగుతాయి, అంతే. శుభ్రమైన నీళ్ళు నాలుగైదు సార్లు మార్చి కడిగి, పేగుని తోక నుంచి తీసేయడమే దారి.

వండే ముందు అరగంట ఐస్‌లో పెడితే కదలిక ఆగుతుంది. ఉప్పు, మసాలా వేసిన నీళ్ళు పెద్ద గిన్నెలో తెర్లుతుండగా కొన్ని కొన్నిగా వేయండి. మళ్ళీ మరగడం మొదలయ్యాక అయిదు నిమిషాలు ఉంచి, మంట తీసేసి, అదే నీళ్ళలో పదిహేను నిమిషాలు నానబెట్టండి. ఎర్రగా మారగానే ఉడికిందనుకోవద్దు. వేడి తగలగానే పెంకులోని ప్రొటీన్ నుంచి ఎర్రటి రంగు విడిపోతుంది, అప్పటికి లోపలి కండ ఇంకా పచ్చిగానే ఉండొచ్చు. క్రాఫిష్‌లో ఊపిరితిత్తుల పురుగు పిల్లలుండే అవకాశం ఉంది కాబట్టి కండ మొత్తం తెల్లబడాలి. తోకని మెలితిప్పి లాగి, మొదటి పెంకు రింగు ఊడదీస్తే కండ బయటికి వస్తుంది. తలలోని పసుపు ముద్ద రుచిగా ఉంటుంది కానీ, నీళ్ళలోని విషాలు ముందు చేరేది అక్కడికే. నీళ్ళ మీద నమ్మకం లేకపోతే వదిలేయండి.

కప్పలు

దీని గురించి కాస్త గట్టిగానే చెబుతాను. కప్పలు చాలా దేశాల్లో చట్టం రక్షణలో ఉన్నాయి. కాళ్ళ కోసం విపరీతంగా పట్టడం వల్ల 1987లో భారతదేశం కప్పకాళ్ళ ఎగుమతినే ఆపేసింది. మీరున్న చోట వేటకి స్పష్టంగా అనుమతి ఉంటేనే, ఆ జాతిని కచ్చితంగా గుర్తుపట్టగలిగితేనే ముందుకెళ్ళండి. గరుకు, పొడి చర్మం, కళ్ళ వెనక ఉబ్బిన గ్రంథులు ఉంటే అది టోడ్, అంటే గోదురు కప్ప. దాని విషం వండినా పోదు, తిని చనిపోయినవాళ్ళున్నారు. అనుమానం ఉంటే వదిలేయడమే.

అనుమతి ఉన్నచోట రాత్రి టార్చ్ వెలుగులో కళ్ళు మెరుస్తాయి, వెలుగు పడ్డ కప్ప కాసేపు కదలదు. తల మీద బలంగా కొట్టి, వెంటనే మెడ దగ్గర తెంపేయండి. నడుము దగ్గర కోసి, గుడ్డతో చర్మం పట్టుకుని పాదాల వైపు లాగితే ప్యాంటు విప్పినట్టు ఒకేసారి వచ్చేస్తుంది. పాదాలు కోసేసి కాళ్ళని చల్లటి నీళ్ళలో గంటసేపు ఉంచండి. తాజా కాళ్ళ మీద ఉప్పు చల్లితే వణుకుతాయి. నరాలు, కండరాలు ఇంకా స్పందించే స్థితిలో ఉండటం వల్ల ఉప్పులోని సోడియం వాటిని కదిలిస్తుంది, అంతే, ప్రాణం ఉన్నట్టు కాదు. పిండిలో దొర్లించి, కండ ఎముకని వదిలే దాకా వేయించండి. లోపల 74 డిగ్రీలు చేరాలి, వీటిలోనూ పరాన్నజీవులుంటాయి.

చివరగా మిగిలే పనులు

పేగులు, పెంకుల్ని నీళ్ళలో కలపకుండా లోతుగా పాతిపెట్టండి. మిగిలిన క్రాఫిష్‌ల్ని ఎప్పుడూ వేరే చెరువులో వదలకండి. అమెరికా నుంచి వచ్చిన జాతులు మోసుకొచ్చిన, శిలీంధ్రాన్ని పోలిన ఒక సూక్ష్మజీవి వల్ల వచ్చే వ్యాధి 19వ శతాబ్దం నుంచి ఐరోపాలోని స్థానిక క్రాఫిష్‌ల్ని ఊడ్చిపెట్టింది. కప్పల్ని చంపే చర్మపు ఫంగస్ కూడా తడి సామాను మీద ప్రయాణిస్తుంది. బుట్టలు, వలలు, బూట్లు బురద పోయేలా కడిగి, మరో చోటికి తీసుకెళ్ళే ముందు ఎండలో పూర్తిగా ఆరబెట్టండి.