మామ్మ ప్రయాణాలు రాసిపెట్టుకోవడం ఎలా

కాశీ ఏ సంవత్సరంలో వెళ్లావు మామ్మా అని అడిగితే చాలామందికి గుర్తురాదు. గోదావరి పుష్కరాలతో అడగండి, ఏ పుష్కరాలకి ముందు, ఏ పుష్కరాల తర్వాత అని: 1979, 1991, 2003, 2015. 1986 గోదావరి వరదకి ముందా, లేక 1996 నవంబరు తుఫానుకి కోనసీమలో కొబ్బరిచెట్లు కూలిపోయాక వెళ్లిందా అంటే చప్పున చెప్పేస్తుంది. కొవ్వూరు నుంచి బస్సులో గోదావరి వంతెన మీదుగా రాజమండ్రి వెళ్లామంటే అది కచ్చితంగా 1974లో ఆ వంతెన తెరిచిన తర్వాతే.

ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి పక్కన కూర్చోండి, మధ్యలో సరిదిద్దకండి, ఊరి పేరు తప్పు చెప్పినా సరే, తర్వాత చూసుకోవచ్చు. గుళ్ల లిస్టు కన్నా దారిలో ఏం వండుకున్నారు, పిల్లల్ని ఎవరి దగ్గర వదిలారు, డబ్బు ఎక్కడ దాచుకుంది అన్నవే నాకు ముఖ్యం. ఫొటోల వెనక పేర్లు పెన్సిల్‌తో రాయండి. ఓపిక ఉన్నప్పుడే అడగండి, వాయిదా వేయకండి.