పాత పల్లె ఇంటి అలంకరణ: ఎక్కడ తేడా కొడుతోంది, ఎలా సరిచేయాలి

నూరేళ్లు దాటిన రైతు ఇల్లు. మందపాటి గోడలు, చిన్న కిటికీలు, చెయ్యెత్తితే అందే దూలాలు. పాత సామాను ఏరికోరి తెచ్చారు, పటాలు కట్టించారు, రంగులు వేయించారు. అయినా ఏదో తేడా కొడుతోంది. ఇలాంటప్పుడు చాలామంది తమ అభిరుచినే అనుమానించి, ఇంకో బల్లో ఇంకో పటమో కొంటారు. నన్నడిగితే అభిరుచి సంగతి ఆఖర్న చూసుకోవచ్చు. ముందు చూడాల్సినవి చెమ్మ, వెలుతురు, కొలతలు. ఆ ఇంటిని కట్టిన పద్ధతి వేరు, ఇప్పుడు మనం కొనే రంగులూ సిమెంటూ బల్బులూ వేరు. గొడవంతా చాలావరకు ఆ రెండింటి మధ్యే.

గోడ కింది భాగంలో రంగు పొక్కుతోంది, తెల్లగా ఉప్పు పొర వస్తోంది

నేల నుంచి నడుము ఎత్తు దాకా రంగు పొక్కులు కట్టి పెచ్చులుగా ఊడుతుంది. వేలితో రుద్దితే తెల్లటి పొడి అంటుతుంది. పెయింటర్ వచ్చి గీకేసి, పుట్టీ పెట్టి మళ్లీ వేస్తాడు. తర్వాతి వానలకి కథ మళ్లీ మొదటికొస్తుంది.

కారణం: పోర్ట్‌లాండ్ సిమెంటుకు పేటెంట్ వచ్చిందే 1824లో. పల్లె ఇళ్ల దాకా అది చేరడానికి ఇంకా చాలా కాలం పట్టింది. అంతవరకు గోడలు కట్టింది సున్నంతోనో మట్టితోనో. పునాదిలో చెమ్మను ఆపే పొర అంటూ ఉండదు. నేలలోని తడి గోడలోకి ఎక్కుతుంది, సున్నపు పూతలోంచి ఆవిరైపోతుంది. ఆ పూత మీద ప్లాస్టిక్ ఎమల్షనో, సిమెంటు ప్లాస్టరో వేస్తే తడికి బయటికి దారి లేదు. నీటితో పాటు వచ్చిన లవణాలు రంగు వెనకాల గడ్డకట్టి దాన్ని బయటికి నెడతాయి.

పరిష్కారం ఇంటి బయట మొదలవుతుంది. గోడ పక్కన మట్టి ఏళ్ల తరబడి పేరుకుని లోపలి నేల కంటే ఎత్తైందేమో చూడండి, అయితే తవ్వి తగ్గించండి. చూరు నీళ్లు, గొట్టం నీళ్లు గోడ మొదట్లో పడకుండా దూరంగా మళ్లించండి. తర్వాత సిమెంటు ప్లాస్టర్ ఊడదీసి, గోడను ఆరనివ్వండి. ఒక అంగుళం మందానికి దాదాపు ఒక నెల అని పాత లెక్క. అంటే రెండడుగుల గోడకి రెండేళ్లు. అన్నాళ్లూ ఆ గది మూసిపెట్టనక్కర్లేదు, సున్నపు ప్లాస్టర్ చేయించి సున్నం వేసుకుంటే అది ఆరుతూనే ఉంటుంది. ప్లాస్టిక్ రంగు మాత్రం వద్దు.

సున్నం వేసే తీరులోనూ పొరపాట్లు జరుగుతాయి. ఒకేసారి చిక్కగా పూస్తే ఆరాక పగిలి రాలిపోతుంది. గోడను ముందు నీళ్లతో తడిపి, పాలంత పలచగా నాలుగైదు పూతలు వేయాలి, పూతకీ పూతకీ మధ్య ఒక రోజు వదలాలి. తడిగా ఉన్నప్పుడు గోడ కనిపిస్తూనే ఉంటుంది, పనివాడు మోసం చేశాడనిపిస్తుంది. ఆరేకొద్దీ తెల్లబడుతుంది, టెన్షన్ పడకండి. పాత ఎమల్షన్ మీద సున్నం నిలవదు, దాన్ని పూర్తిగా తీయాల్సిందే. రంగు కలపాలంటే పచ్చమన్ను (పసుపు రంగు మట్టి), కావి లాంటి మట్టి రంగులు సున్నంలో చెక్కు చెదరవు. ప్రష్యన్ బ్లూ అనే ముదురు నీలం కలిపితే సున్నపు క్షారానికి విరిగిపోతుంది. సున్నం కంట్లో పడితే చూపుకే ప్రమాదం, కళ్లను పూర్తిగా కప్పే రక్షణ అద్దాలు పెట్టుకోకుండా బ్రష్ పట్టకండి.

తెల్ల రంగు వేస్తే గది వెలగాల్సింది పోయి బూడిదలా కనిపిస్తోంది

చీకటి గదికి తెలుపు వేస్తే వెలుతురు వస్తుందని అందరూ చెప్పే మాట. పాత పల్లె ఇంట్లో ఈ సలహా తరచుగా బెడిసికొడుతుంది. తెలుపు తనంతట తాను వెలగదు, మీద పడిన వెలుతురునే తిరిగిస్తుంది. కిటికీ చిన్నది, గోడ మందం ఎక్కువ, లోపలికి వచ్చే వెలుతురే తక్కువ. ఎండ నేరుగా పడని కిటికీ అయితే ఆ వెలుతురులోనూ నీలి ఛాయ ఉంటుంది. ఇక మూలల్లో తెలుపు బూడిదగా మారక ఏమవుతుంది?

ఇంకో సంగతి. ఇవాళ డబ్బాలో దొరికే మిలమిలా మెరిసే తెలుపు టైటానియం తెలుపు. అది వ్యాపారంగా తయారై మార్కెట్లోకి వచ్చింది 1920 ప్రాంతంలో. అంతకు ముందు గోడల మీద తెలుపంటే సున్నం తెలుపే, కాస్త మెత్తగా, కాస్త పసుపు ఛాయతో ఉండేది. ముదిరిన చెక్క దూలాల పక్కన టైటానియం తెలుపు కళ్లకు గుచ్చుకుంటుంది, చెక్కేమో మురికిపట్టినట్టు కనిపిస్తుంది.

పరిష్కారం రెండు రకాలు. గదిని తేలిక పరచాలంటే తెలుపులో చిటికెడు పచ్చమన్ను ఛాయ ఉన్న షేడ్ తీసుకోండి. గోడ మందంలో కిటికీకి రెండు పక్కలా ఉండే చెంపలకు మాత్రం అన్నిటికంటే లేత రంగు వేయండి, వచ్చిన కాస్త వెలుతురూ వాటి మీద పడి లోపలికి తిరుగుతుంది. దూలాల మధ్య కప్పుకూ అదే. రెండో దారి, నాకు ఎక్కువ ఇష్టమైనది, చీకటి గదిని చీకటి గదిలాగే ఒప్పుకోవడం. ఇటుక ఎరుపు, ఆలివ్ ఆకుపచ్చ, ముదురు నీలం వేసి, దీపాలు తక్కువ ఎత్తులో రెండు మూడు చోట్ల పెడితే సాయంత్రం ఆ గదిలోంచి ఎవరూ లేవరు. బల్బులు 2700 కెల్విన్ దగ్గరివి, అంటే పసుపు ఛాయ వెలుతురువి, సీఆర్‌ఐ (రంగులను ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె) 90 పైన ఉన్నవి తీసుకోండి. సీఆర్‌ఐ తక్కువైతే ఎరుపులు చచ్చిపోయి, ఎంత మంచి చెక్కయినా మట్టిలా కనిపిస్తుంది.

ఎగుడుదిగుడు గోడలకు నిగనిగలాడే రంగు వద్దు. ప్రతి గుంటా దీపం వెలుతురులో లెక్కపెట్టుకోవచ్చు.

షేడ్ కార్డులో బాగున్న రంగు గోడ మీద వేరేలా ఉంది

పారిస్‌లోని గోబెలిన్ నేతశాలలో అద్దకం విభాగానికి 1824లో మిషెల్ యూజీన్ షెవ్రెల్ అనే రసాయన శాస్త్రవేత్త అధిపతిగా వచ్చారు. నల్ల దారం సరిగా నల్లగా లేదని ఆయనకు ఫిర్యాదులు వచ్చేవి. పరీక్షించి చూస్తే అద్దకంలో లోపమే లేదు. ఆ నలుపు పక్కన నేసిన రంగులు దాన్ని అలా కనిపించేలా చేస్తున్నాయి. పక్కపక్కనున్న రంగులు ఒకదాన్నొకటి మార్చేస్తాయన్న సూత్రాన్ని ఆయన 1839లో ప్రచురించారు.

మీ గోడ మీద జరుగుతున్నదీ అదే. పాత పసుపు గోడ మీద చారెడంత మేర కొత్త రంగు పూసి చూస్తే, ఆ పసుపు దాన్ని నీలం వైపు నెట్టేస్తుంది. దానికి బదులు రెండడుగుల అట్ట మీద రెండు పూతలు వేసి, చుట్టూ తెల్ల అంచు వదిలి, గోడకు ఆనించండి. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, దీపాలు వెలిగించాక ఒకసారి చూడండి. ఆ తర్వాత గదిలో పెద్ద బీరువా ఏదుందో దాని పక్కకే జరపండి. బీరువా పక్కన బాగుంటేనే ఆ రంగు ఆ గదికి పనికొస్తుంది. ఎర్ర ఛాయ ఉన్న చెక్కకు బూడిద ఆకుపచ్చ వెనకాల ఉంటే చెక్కే ముందుకొస్తుంది. అదే చెక్క వెనకాల లేత గోధుమ రంగు వేస్తే రెండూ కలిసిపోయి గదంతా ఒకే మచ్చలా ఉంటుంది.

సామాను ఒక్కొక్కటీ బాగుంది, గది మాత్రం గోడౌన్‌లా ఉంది

గుమ్మంలో నిలబడి చూడండి. అన్నీ ఒకే ఎత్తులో ఉన్నాయా? అన్నీ గోడలకు అంటుకుని, మధ్యలో ఖాళీగా ఉందా? అన్నీ ఒకే గోధుమరంగు చెక్కా? మూడింట్లో రెండింటికి అవునంటే కారణం దొరికినట్టే.

గది మొత్తం ఖాళీ చేయించండి. పాక్షికంగా జరిపితే లాభం లేదు, కన్ను పాత అమరికకే అలవాటు పడి ఉంటుంది. ముందు ఒకే ఒక్క పెద్ద వస్తువు పెట్టండి. పొడవాటి బల్లైనా, అలమారైనా సరే. తర్వాత దానికి భిన్నంగా ఉన్నది ఒకటి: రంగు వేసిన పెట్టె, ఇనుప కుర్చీ, గుడ్డ కప్పిన సోఫా. చెక్క పక్కన చెక్క కాకుండా చూసుకుంటే సగం పని అయిపోతుంది. రైతు ఇళ్లలో చాలా సామాను అసలు పాలిష్ చేసింది కాదు, చవక కలపకి రంగు పూసినదే. అందుకే పట్నం మేడల నుంచి వచ్చిన నగిషీల బీరువాలు ఇక్కడ ఇబ్బంది పడుతున్నట్టు కనిపిస్తాయి. పైగా ఎత్తు కుదరదు. కొనే ముందు దూలం కింద ఎత్తు, గుమ్మం వెడల్పు, మెట్ల మలుపు కొలుచుకోండి. గుమ్మంలో ఇరుక్కున్న బీరువాకి అభిరుచితో పనిలేదు.

నేల వాలుగా ఉండి బల్ల ఊగుతుంటే కాలు కోయకండి, కింద చెక్క ముక్క పెట్టండి. కోసిన కాలు మళ్లీ పెరగదు, బల్ల రేపు ఇంకో గదికి వెళ్తుంది.

కుర్చీ కింద పొద్దున్నే సన్నటి పొడి

దుమ్ము అనుకుని ఊడ్చేసేది ఇదే. కుర్చీ తిప్పి చూస్తే కాళ్ల లోపలి వైపు, ఒకటి రెండు మిల్లీమీటర్ల గుండ్రటి రంధ్రాలు. కొయ్యను తొలిచే పురుగు పిల్లదశలో లోపల తిని, పెద్దదయ్యాక ఆ రంధ్రం చేసుకుని బయటికొస్తుంది. అంటే రంధ్రం కనిపించిందంటే ఆ పురుగు వెళ్లిపోయినట్టే. లోపల ఇంకెన్ని ఉన్నాయన్నదే ప్రశ్న.

తెలుసుకోవడానికి ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. పొడి అంతా బ్రష్‌తో శుభ్రంగా దులిపి, కాళ్ల కింద నల్ల కాగితం పరిచి, ఆ రంధ్రాల మీద పల్చటి కాగితం అతికించండి. కుర్చీని కదల్చకుండా కొన్ని వారాలు వదిలేయండి. కాగితానికి కొత్త రంధ్రం పడినా, నల్లకాగితం మీద మళ్లీ పొడి రాలినా పురుగు బతికే ఉంది. పాత రంధ్రాల అంచులు ముదురు రంగులో మాసిపోయి ఉంటాయి, కొత్తవి లోపల లేత చెక్క రంగులో శుభ్రంగా ఉంటాయి. కుర్చీని కదిపితే పాత రంధ్రంలోంచి కూడా పొడి రాలుతుంది, అందుకే కదల్చొద్దన్నది.

బతికున్నట్టు తేలితే ఆ వస్తువును వెంటనే మిగతా వాటికి దూరంగా పెట్టండి. పాలిథిన్‌లో గాలి చొరబడకుండా చుట్టి, మైనస్ 18 డిగ్రీల కంటే చల్లటి ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచితే గుడ్లతో సహా చస్తాయి. చిన్న చెక్క వస్తువులకే ఇది. చిత్రించిన వాటికీ, పొదుగుడు పని ఉన్నవాటికీ, లక్క పూసిన వాటికీ వద్దు, ఆ పని తెలిసిన వాళ్లకే అప్పగించండి. ఇకమీదట పాత వస్తువు ఏది కొన్నా నేరుగా గదిలోకి తేకుండా వాకిట్లో తిప్పి చూడటం అలవాటు చేసుకోండి.

సొరుగు ఇరుక్కుపోతోంది, చెక్క చీలుతోంది

చెక్క తేమ తగిలితే నారకు అడ్డదిశలో ఉబ్బుతుంది, పొడిలో కుంచించుకుంటుంది. వానల్లో సొరుగు పట్టేసిందని అంచు చిత్రిక పడితే ఎండల్లో అదే సొరుగు వదులైపోతుంది. పట్టే చోట తేనెమైనం రుద్ది కాలం మారేదాకా ఆగండి. గదిలో సాపేక్ష తేమ 40 నుంచి 60 శాతం మధ్య నిలకడగా ఉంటే చాలు. అంకె కంటే నిలకడ ముఖ్యం. బీరువాను బయటి గోడకు ఆనించకుండా ఒక అరచేయి ఎడంగా ఉంచండి, పొయ్యికీ హీటరుకీ దూరంగా పెట్టండి.

పైపూత మీద తెల్ల వలయం పడితే కంగారుపడి ఇసుక కాగితం పట్టొద్దు. పాత పూత చాలావరకు లక్కతో చేసినది, తేమ చేరి తెల్లబడుతుంది. తేలికైనదైతే తనంతట తగ్గుతుంది, లేదా మైనపు పాలిష్‌తో మెల్లగా రుద్దితే పోతుంది. అడుగున కనిపించని చోట స్పిరిట్ చుక్క వేస్తే పూత మెత్తబడితే అది లక్కే. నూరేళ్ల చేతి వాడకంతో వచ్చిన నునుపును ఒక పూటలో గీకేస్తే, ఆ వస్తువు విలువలో చాలా భాగం పొట్టుతో పాటు పోతుంది.

పటాలు గోడ మీద తేలుతున్నట్టున్నాయి

ఎక్కువ ఎత్తులో కట్టారు. పటం నడిమి భాగం నేల నుంచి 145–150 సెంటీమీటర్లలో ఉండటం సాధారణ కొలత. కప్పు తక్కువ ఎత్తున్న ఈ గదుల్లో, అందరూ కూర్చునే చోట, ఇంకా దించినా ఫరవాలేదు. బల్ల మీదో సోఫా మీదో పెడితే మధ్య జానెడు కంటే ఎక్కువ వదలకండి. పెద్ద గోడకి చిన్న పటం ఒక్కటే పెడితే పోస్టు స్టాంపులా ఉంటుంది. నాలుగైదు కలిపి గుంపుగా పెట్టండి, ముందు కాగితం ముక్కలు అదే కొలతకి కత్తిరించి గోడకు అంటించి చూసుకోండి. మేకు సున్నపు ప్లాస్టర్‌లో నిలవకపోతే రాళ్ల మధ్య సున్నపు సందులో దిగగొట్టండి, లేదా దూలానికి కొక్కెం పెట్టి తీగతో వేలాడదీయండి. పాత ఇంట్లో ఒక పెద్ద ఆధునిక చిత్రం పొసగదేమోనని భయపడేవాళ్లకి: పొసగుతుంది, చుట్టూ ఖాళీ వదిలితే.

రంగులు వెలిసిపోతుంటే కారణం ఎండ. నీటిరంగులు, ఫొటోలు, గుడ్డల మీద మ్యూజియంలు 50 లక్స్ మించనివ్వవు, అంటే చాలా మసక వెలుతురు. యూవీ (అతినీలలోహిత) కిరణాలను అడ్డుకునే అద్దం వెలిసే వేగాన్ని తగ్గిస్తుంది, ఆపదు. కాగితం మీద గోధుమ చుక్కలు వస్తుంటే గోడ చెమ్మ చూడండి, ఫ్రేమ్ వెనక మూలల్లో బిరడా ముక్కలు అంటించి గాలి ఆడనివ్వండి, లోపలి అట్ట ఆమ్లం లేనిది వేయించండి.

తలుపు మీద పాత రంగు పొరలు ఊడుతున్నాయి

ఇక్కడ మాత్రం అందం సంగతి పక్కన పెట్టండి. పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ. అమెరికా ఇళ్ల రంగుల్లో దాన్ని నిషేధించింది 1978లో మాత్రమే. ముందు పరీక్ష చేయించండి. పొడిగా గీకడం, మంటతో కాల్చడం వద్దే వద్దు, ఆ పొడి పిల్లల మెదడుకు హాని చేస్తుంది. ఊడని రంగును అలాగే ఉంచి పైన కొత్త పూత వేయడమే చాలాసార్లు మేలు. ఊడేదాన్ని తడిపి, మాస్కు పెట్టుకుని తీసి, తడిగుడ్డతో తుడవాలి, చీపురు పట్టకూడదు. 1775లో షీలే అనే రసాయన శాస్త్రవేత్త కనిపెట్టిన ఆకుపచ్చ రంగు, దాని తర్వాత వచ్చిన మరో ఆకుపచ్చ, రెండింట్లోనూ ఆర్సెనిక్ అనే విషం ఉంది. అవి పందొమ్మిదో శతాబ్దపు గోడ కాగితాల్లో విరివిగా వాడారు. గోడ పొరల కింద అలాంటి ఆకుపచ్చ కాగితం బయటపడితే చేత్తో లాగకుండా, అక్కడే ఆపి నిపుణుణ్ణి పిలవండి.