షాఫ్టు సైజుకి పీపీకే తీయడం ఎలా?

ఒకే ఉదయం వరసగా 50 పీసులు కొలిచి తీసిన అంకె ఆ ఉదయానిదే. నెలంతా మెషిన్ ఎలా నడిచిందో తెలియాలంటే పీపీకే (అన్ని రోజుల తేడాలూ కలిపి, సైజు లిమిట్ల లోపల ఎంత చోటు మిగులుతోందో చెప్పే అంకె) తీయాలి.

సీఎన్‌సీ లేత్ మీద తిప్పే షాఫ్టు సైజు 25.000 ± 0.030 మి.మీ. అనుకుందాం. ముందు మైక్రోమీటర్ సంగతి చూడండి. అది 0.001 మి.మీ. వరకు చదవాలి. గేజ్ ఆర్ అండ్ ఆర్ (కొలిచే పద్ధతి వల్లే వచ్చే తేడా వాటా) 10 శాతం లోపు ఉంటే మంచిది, 30 దాటితే ఆ రీడింగులతో లెక్క మొదలెట్టనే వద్దు.

రెండు గంటలకోసారి వరసగా 5 పీసులు తీసి, నెల రోజులు కొలవండి. మూడు షిఫ్టులూ, ఇన్సర్ట్ (టూల్ చివర కోసే ముక్క) మార్పులూ, కొత్త బార్ లాట్లూ, పొద్దున మెషిన్ చల్లగా ఉన్నప్పటి పీసులూ అన్నీ రావాలి. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే: సైజు తప్పినవి పక్కన పెట్టి, మిగిలినవే కొలుస్తారు. అప్పుడు పీపీకే అందంగానే వస్తుంది, కానీ అది అబద్ధం. పీసు ఎలా వచ్చిందో అలాగే రాయాలి.

ఇప్పుడు లెక్క. అన్ని రీడింగులనూ ఒకే కుప్పగా పోసి సగటు, స్టాండర్డ్ డీవియేషన్ (ఎన్ మైనస్ 1తో) తీయండి. సగటు 25.006, డీవియేషన్ 0.0075 వచ్చాయనుకోండి. డీవియేషన్‌కి మూడింతలు 0.0225, దానితోనే భాగించాలి.

పై వైపు: (25.030 − 25.006) ÷ 0.0225 = 1.07
కింది వైపు: (25.006 − 24.970) ÷ 0.0225 = 1.60

చిన్నదే పీపీకే: 1.07.

అదే డేటాలో 5 పీసుల గ్రూపుల సగటు రేంజ్ (గ్రూపులో పెద్ద, చిన్న రీడింగుల తేడా) 0.0107 అయితే, 5 పీసుల గ్రూపుకి వాడే 2.326తో భాగిస్తే గ్రూపు లోపలి డీవియేషన్ 0.0046. దానితో అదే లెక్క చేస్తే వచ్చే సీపీకే (గ్రూపు లోపలి తేడానే చూసే అంకె) 1.74! రెండింటి మధ్య ఇంత తేడా ఉందంటే గ్రూపు లోపల అంతా బాగానే ఉంది, గ్రూపుకీ గ్రూపుకీ మధ్యే సైజు జరుగుతోంది. సగటును 25.000కి తెచ్చినా పీపీకే 1.33 దాటదు.

రీడింగులను టైము వరసలో గీసి చూడండి. ఇన్సర్ట్ అరిగేకొద్దీ వ్యాసం పెరిగి, ఆఫ్‌సెట్ (టూల్ స్థానం సరిచేసే అంకె) ఇవ్వగానే దిగి, గ్రాఫ్ రంపం పళ్లలా కనిపిస్తుంది. 40 పీసులకు 4 మైక్రాన్లు (0.004 మి.మీ.) పెరుగుతోందని తేలితే, ప్రతి 40 పీసులకూ ఎక్స్ (వ్యాసం) ఆఫ్‌సెట్‌లో 4 మైక్రాన్లు తగ్గించండి. లిమిట్ దగ్గరికి వచ్చేదాకా ఆగొద్దు, అలాగని ఒక్క రీడింగు చూసి ఆఫ్‌సెట్ తిప్పొద్దు, తేడా ఇంకా పెరుగుతుంది. మార్చిన ప్రతిసారీ టైమూ, ఎన్ని మైక్రాన్లో చార్టు మీదే రాయించండి.