ఒంటిపూట బడులు మొదలుకాకముందే: షుగర్ ఉన్న పిల్లల తల్లులకు

మార్చి సగం దాటిందంటే మా హనుమకొండలో ఒంటిపూట బడులు. పొద్దున ఎనిమిదింటికల్లా బడిలో ఉండాలి. మిగతా పిల్లలకు పండగే గానీ, టైప్ 1 షుగర్‌కు ఇన్సులిన్ తీసుకునే పిల్లలకు సూది వేళ, తిండి వేళ రెండూ తారుమారవుతాయి.

పోయినేడు టీచర్ మా పాప లెక్కల నోట్సు నా ముందు పెట్టి "ధ్యాస ఉంటలేదమ్మా" అన్నారు. మూడు లెక్కలు గీత మీద నిలబడి ఉన్నాయి. నాలుగో దాంట్లో అంకెలు కిందికి జారాయి, ఒకే వరుస రెండుసార్లు రాసింది. మర్నాడు అదే పీరియడ్‌కు షుగర్ మీటర్ పట్టుకుపోయి చూస్తే 58.

మెదడు నడిచేది గ్లూకోజ్ మీదే, దాచుకునే చోటు దానికి పెద్దగా లేదు. రక్తంలో ఆ గ్లూకోజ్, అంటే షుగర్, 70 కంటే తగ్గితే కొందరికి చేతులు వణుకుతాయి, చెమట పడుతుంది. కొందరు ఊరికే చిరాకు పడతారు, లేదంటే కిటికీలోంచి చూస్తూ కూర్చుంటారు. తిట్టేముందు వేలు గుచ్చి చూడండి. అంకె మామూలుకు వచ్చినా బుర్ర కుదుటపడటానికి ఇంకో అరగంట, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పడుతుంది. వెంటనే పుస్తకం ముందు కూర్చోబెట్టకండి.

వేళలు మారకముందే డాక్టర్‌ను కలిసి కొత్త టైముకు డోసు, పది గంటల చిరుతిండి అడిగి రాసుకోండి. సొంతంగా డోసు మార్చొద్దు. మొదటి నాలుగైదు రోజులు పదింటికి ఒకసారి చూడాల్సిందే.

షుగర్ డౌన్ అయితే మూడు చెంచాల గ్లూకోజ్ పొడి, అంటే సుమారు 15 గ్రాములు, నీళ్లలో కలిపి తాగించి 15 నిమిషాలకు మళ్లీ చూడాలి. ఇంకా 70 లోపే ఉంటే మళ్లీ ఇవ్వాలి. చిన్నపిల్లలకు ఇంతకంటే తక్కువ చాలు, కొలత డాక్టర్ చెప్తారు. బ్యాగులో సకినాలున్నాయి కదా అనుకోవద్దు. నూనె వస్తువులు, చాక్లెట్లు షుగర్‌ను నిదానంగా ఎక్కిస్తాయి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయొద్దు. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి. ఈ సంగతి టీచర్‌కే కాదు, పక్కన కూర్చునే దోస్తుకూ తెలియాలి.

పరీక్షలప్పుడు చాలామంది చేసే తప్పొకటుంది. హాల్లో డౌన్ అవుతుందేమోనని ఆ పూట ఇన్సులిన్ తగ్గిస్తారు. నేనూ చేశాను. 300 మీద కూర్చున్న పిల్లకు దాహం, తలబరువు, మాటిమాటికీ బాత్రూం. చదివిన ప్రశ్నే మళ్లీ చదువుతుంది. షుగర్ ఎక్కువగా ఉండి వాంతులు, కడుపునొప్పి వస్తే పరీక్ష సంగతి పక్కనబెట్టి ఆస్పత్రికి పోవాలి.

సీబీఎస్ఈ పరీక్షల్లో షుగర్ మాత్రలు, పండ్లు, నీళ్లు వెంట తీసుకుపోనిస్తారు. ఏ బోర్డైనా సరే, డాక్టర్ సర్టిఫికెట్‌తో ముందే హెడ్మాస్టర్‌కు దరఖాస్తు ఇవ్వండి. పరీక్షరోజు గేటు దగ్గర వాదించే టైముండదు.

ఎండల్లో ఇన్సులిన్ పెన్నును స్కూటీ డిక్కీలో పెట్టొద్దు, ఇంట్లో ఫ్రీజర్‌లోనూ పెట్టొద్దు. ఇంకోటి, వేలు గుచ్చేముందు చేతులు కడిగించండి. మామిడిపండు తిన్న వేలితో చూసి ఒకసారి 340 అని ఇల్లంతా హడావుడి చేశాం. కడిగి చూస్తే 130.