పందిరి తీగల పెంపకం – నాలుగో పాఠం: ఆకు మీద తడి, బూజు తెగులు

గత పాఠంలో బీర, దోస, కాకర తీగలను పందిరికి ఎక్కించాం. కార్తీకం వచ్చి మంచు మొదలైతే ఆ పచ్చదనమంతా వారం పది రోజుల్లో మాడిపోవచ్చు. నీళ్లు ఎక్కువయ్యాయనో తక్కువయ్యాయనో చాలామంది కంగారు పడతారు. నేను మాత్రం మిమ్మల్ని గంటలు లెక్కపెట్టమంటాను: ఆకు ఎంతసేపు తడిగా ఉంటోంది?

ముందు తెగులును గుర్తుపట్టండి. ఆకు పైన నరాల్లాంటి ఈనెల మధ్య పలకలుగా పసుపు మచ్చలు కనిపిస్తే, తెల్లవారగానే ఆ ఆకును తిప్పి చూడండి. అడుగున బూడిద, ఊదా కలిసిన నూగు ఉంటే అది బూజు తెగులు. ఎండెక్కాక చూస్తే ఆ నూగు సరిగా కనిపించదు. ఆకు మీద తెల్లటి పిండి చల్లినట్టుంటే అది బూడిద తెగులు.

ఈ రెండింటి స్వభావం వేరు. బూజు తెగులు బీజాలు గాలిలో వచ్చి ఆకు మీద వాలతాయి. అక్కడ నీటి పొర దొరికితే వాటి నుంచి సూక్ష్మకణాలు వెలువడి, ఆ నీటిలో ఈదుకుంటూ పత్రరంధ్రాలను చేరి లోపలికి దిగుతాయి. 15–20 డిగ్రీల చల్లదనంలో ఐదారు గంటల తడి వాటికి చాలు. బూడిద తెగులుకు నీటి పొర అక్కరలేదు, గాలిలో తేమ ఉంటే సరిపోతుంది. పైగా జోరువాన దాని బీజాలను కడిగేస్తుంది. అందుకే పగలు పొడిగా ఉండే రోజుల్లో, గాలి ఆడని గుబురులో అది బలపడుతుంది. నీళ్లు తగ్గించడం దానికి మందు కాదు. ముదురాకులు, అడుగున కిక్కిరిసిన కొమ్మలు తీసేసి పందిరి లోపలికి వెలుతురు, గాలి రానివ్వాలి.

ఇక నీటి వేళ. సాయంత్రం పైపుతో ఆకుల మీద నీళ్లు కొడితే, అవి ఆరకముందే మంచు పడుతుంది. అంటే మర్నాడు ఎండెక్కేదాకా, పన్నెండు గంటలకు పైగా ఆకు తడిగానే ఉంటుంది. చలికాలంలో ఈ అలవాటును పూర్తిగా మానేయండి. మంచు ఆరిపోయాక పది గంటలకు పైనుంచి తడపడమూ మంచిది కాదు, ఆరిన ఆకు మళ్లీ తడుస్తుంది. నీళ్లు తీగ మొదలు దగ్గరే, ఆకు తడవకుండా పెట్టండి. డ్రిప్ ఉంటే ఇంకా మేలు. స్ప్రింక్లర్ తప్ప దారి లేనివారు సూర్యోదయ వేళ పెట్టుకోవాలి. అప్పటికే ఆకు మంచుతో తడిసి ఉంటుంది కాబట్టి రెండు తడులూ ఒకే ఎండకు ఆరతాయి. నల్లరేగడిలో తడి చాలా రోజులు నిలుస్తుంది, రెండంగుళాల లోతున మట్టి ముట్టుకుని చూశాకే మళ్లీ నీళ్లు పెట్టండి.

ఈ వారం అభ్యాసం: రోజూ ఉదయం ఆరు గంటల నుంచి గంటకోసారి పందిరి పైన ఒక ఆకుకు, లోపల నీడలో మరో ఆకుకు పల్చటి కాగితం అద్దండి. కాగితం తడవని వేళను రెండింటికీ విడివిడిగా రాసుకోండి. మందు ఎప్పుడు, ఎక్కడ పిచికారీ చేయాలో వచ్చే పాఠంలో మీరు రాసుకున్న ఆ వేళలు చూసే నిర్ణయిస్తాం.