జీఎస్టీ రిఫండ్ దరఖాస్తు: 5 ఎంబీ దగ్గర ఆగిపోతున్న మామిడి గుజ్జు ఎగుమతిదారుల కోసం

తోతాపురి సీజను ముగిసి, గుజ్జు డ్రమ్ములు చెన్నై రేవు దాటాక చిత్తూరు ఫ్యాక్టరీల్లో మరో పని మొదలవుతుంది. పేరుకుపోయిన ఇన్‌పుట్ టాక్స్ క్రెడిట్‌ను, అంటే కొనుగోళ్ల మీద కట్టిన జీఎస్టీని, వాపసు తెచ్చుకోవాలి. ఫైలు జీఎస్టీ పోర్టల్లోకి ఎక్కడం లేదని నాకు తెలిసిన ఒక యజమాని, 'సైజు నేను తగ్గిస్తాను' అన్న మధ్యవర్తికి డబ్బుతో పాటు లాగిన్ పాస్‌వర్డ్ కూడా ఇచ్చేశారు. అతను చేసిందల్లా స్కాన్ కాగితాలను అంకెలు అలుక్కుపోయేదాకా కుదించడం. మూడు, ఎనిమిది ఒకేలా కనిపించాయి. దరఖాస్తు వెనక్కి వచ్చింది.

ముందు సులువైనవి చెబుతాను. ఎల్‌యూటీ (పన్ను కట్టకుండా ఎగుమతి చేసేందుకు ఇచ్చే హామీపత్రం) మీద ఎగుమతి చేసి ఉండాలి. జీఎస్‌టీఆర్-1 (అమ్మకాల వివరాలు), 3బి (పన్ను లెక్క) రిటర్నులు బకాయి ఉండకూడదు. ఆధార్ ధ్రువీకరణ, బ్యాంకు ఖాతా సరిచూపు ముందే ముగించుకోవాలి. సముద్ర మార్గమైతే సరుకున్న ఓడ దేశం విడిచిన తేదీ నుంచి రెండేళ్లలోపు దరఖాస్తు చేయాలి. పోర్టల్లో రిఫండ్ల విభాగంలోకి వెళ్లి, పన్ను చెల్లించకుండా చేసిన ఎగుమతుల తాలూకు క్రెడిట్ అన్నది ఎంచుకుంటే ఆర్‌ఎఫ్‌డీ-01 అనే రిఫండ్ దరఖాస్తు ఫారం తెరుచుకుంటుంది.

ఎగుమతి ఇన్వాయిసులు, షిప్పింగ్ బిల్లులు ఉండే స్టేట్‌మెంట్-3ని పోర్టల్ ఇచ్చే ఆఫ్‌లైన్ యుటిలిటీ (ఎక్సెల్ పట్టిక)లో నింపి జేసన్ ఫైలుగా, అంటే పోర్టల్ చదవగలిగే డేటా ఫైలుగా, ఎక్కించాలి. మీ లెక్కల సాఫ్ట్‌వేర్ నుంచి తెచ్చి అతికించేటప్పుడు ఎక్సెల్ మీద ఒక కన్ను వేసి ఉంచండి. 12-03 అనే ఇన్వాయిసు నంబరును అది మార్చి 12 అనో డిసెంబరు 3 అనో తేదీగా మార్చేస్తుంది. నంబరుకు ముందున్న సున్నాలను మింగేస్తుంది. అతికించకముందే ఆ నిలువు వరుసను 'టెక్స్ట్'గా మార్చుకుంటే సరిపోతుంది.

అసలు తడబాటు అనుబంధం-బి దగ్గర. క్రెడిట్ తీసుకున్న కొనుగోలు బిల్లుల జాబితా ఇది. హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ (సరుకు రకాన్ని తెలిపే సంఖ్య)తో, జీఎస్‌టీఆర్-2బిలో (మీకు అమ్మినవారు చూపిన బిల్లులను బట్టి పోర్టల్ తయారుచేసే క్రెడిట్ జాబితాలో) కనిపిస్తోందో లేదో రాసి, పీడీఎఫ్‌గా జతపరచాలి. ఒక్కో ఫైలు 5 ఎంబీ మించకూడదు, మొత్తం పది ఫైళ్లే పెట్టవచ్చు. ఇక్కడ చాలామంది చేసేది ఏమిటంటే, కొనుగోలు రిజిస్టరు మొత్తం ప్రింటు తీస్తారు, సంతకం పెడతారు, ఫోనుతో పేజీ పేజీకీ ఫొటో తీస్తారు. ఒక్కో ఫొటో రెండు మూడు ఎంబీలు తింటుంది, రెండో పేజీకే హద్దు ముంచుకొస్తుంది.

నిజానికి ఆ రిజిస్టరును అంత లావు చేసింది మామిడికాయలు. దామలచెరువు, బంగారుపాళ్యం నుంచి వచ్చిన ప్రతి లోడుకూ ఒక తూకం చీటీ, చీటీకో వరుస. తాజా మామిడికి జీఎస్టీ లేదు కాబట్టి ఆ వరుసలకు అనుబంధం-బితో సంబంధమే లేదు. కరెంటు బిల్లు, డీజిలుకూ అంతే. పన్ను పడ్డ డ్రమ్ములు, గుజ్జు నింపే ఎసెప్టిక్ (సూక్ష్మజీవులు లేని) సంచులు, మరమ్మతులు, రవాణా వంటివే మిగులుతాయి. వేల వరుసలు వందల్లోకి వస్తాయి.

మిగిలిన పట్టికను ఎక్సెల్ నుంచి నేరుగా పీడీఎఫ్‌గా భద్రపరచండి. కాగితం మధ్యలోకి రానివ్వవద్దు. ఫైలు తెరిచి ఒక నంబరు మీద మౌస్ లాగి చూడండి. అంకె నీలంగా మెరిస్తే అది అక్షరం, మెరవకపోతే బొమ్మ. అక్షరాల ఫైలు చాలా పేజీలున్నా తేలిగ్గానే ఉంటుంది. అప్పటికీ మించితే నెలలవారీగా రెండు మూడు ముక్కలు చేసి, పేర్లలో 1, 2, 3 వేయండి. 2బిలో కనిపించని బిల్లుల మీద సాధారణంగా రిఫండ్ రాదు కాబట్టి వాటి నకళ్లతో ఫైలు నింపి ప్రయోజనం లేదు.

ఇంకో మాట. తిరుపతిలోని కన్సల్టెంటుకు మొత్తం లెక్కల బ్యాకప్ పంపాలని కొందరు తంటాలు పడతారు. జీమెయిల్ 25 ఎంబీ దగ్గర ఆపేస్తుంది. పెన్‌డ్రైవులో ముప్పై జీబీ ఖాళీ ఉన్నా, అది ఫ్యాట్32 అనే పాత ఫైళ్ల అమరిక పద్ధతిలో ఉంటే 4 జీబీ ఫైలును తీసుకోదు. పెన్‌డ్రైవు పాడైందని పారేయకండి. అందులో ఉన్నవి వేరేచోట దాచి ఎక్స్‌ఫ్యాట్‌గా ఫార్మాట్ చేస్తే చాలు, లేదా 7-జిప్‌తో బ్యాకప్‌ను ముక్కలుగా విడగొట్టవచ్చు. అయితే ఈ దరఖాస్తుకు బ్యాకప్ అక్కర్లేదు, ఆ కాలానికి చెందిన రిజిస్టర్లు చాలు. మీరు ఎవరికి ఏ ధరకు అమ్మారో అంతా ఆ బ్యాకప్‌లో ఉంటుంది. ముక్కూమొహం తెలియనివాడు అడిగితే ఇవ్వకండి. ఓటీపీ ఎవరికీ చెప్పకండి.

సమర్పించగానే ఏఆర్‌ఎన్ (దరఖాస్తు గుర్తింపు సంఖ్య) వస్తుంది. అన్నీ సరిగ్గా ఉంటే పదిహేను రోజుల్లో ఆర్‌ఎఫ్‌డీ-02 రసీదు, లోపముంటే ఆర్‌ఎఫ్‌డీ-03 మెమో వస్తాయి. మెమో వస్తే కొత్తగా దరఖాస్తు పెట్టాలి. కంగారు పడనక్కర్లేదు, దరఖాస్తు పెట్టినప్పుడు తగ్గించిన క్రెడిట్ పోర్టల్లోని మీ లెడ్జర్ (క్రెడిట్ ఖాతా)లోకి తిరిగి చేరుతుంది. మొదటి దరఖాస్తు పెట్టిన నాటి నుంచి మెమో అందేవరకు గడిచిన రోజులను రెండేళ్ల గడువులో లెక్కించరు. పైన చెప్పిన యజమాని రెండోసారి తన గుమాస్తాతోనే పెట్టించారు. అనుబంధం-బి ఒక్క ఎంబీ కూడా కాలేదు.